త్రాసు ఎవరి చేతిలో ఉంది?

బడిలో వ్యాసరచన పోటీ పెట్టినప్పుడల్లా తరచుగా వచ్చే అంశం ఒకటుంది: 'భావప్రకటనా స్వేచ్ఛ – సమాజ భద్రత'. పిల్లలు దాదాపు ఒకే జవాబు రాస్తారు. స్వేచ్ఛ కావాలి, కానీ దానికి హద్దులుండాలి, రెండింటినీ త్రాసులో పెట్టి సమానంగా తూచాలి అంటారు. మార్కులు కూడా బాగానే పడతాయి. ఇందులో తప్పు లేదు. అయితే సంతకు ఇప్పపువ్వో, చింతపండో, కరక్కాయో మోసుకెళ్ళి అమ్మిన ఇంటి పిల్లలకు త్రాసు సంగతి ఇంకొంచెం ఎక్కువ తెలుసు. పళ్ళెంలో ఏం పెట్టారన్నది ఒక ఎత్తు. ఆ త్రాసును ఎవరు పట్టుకున్నారన్నది ఇంకొక ఎత్తు. మన తాతలు గంపలకొద్దీ పోసిన సరుకు షావుకారి త్రాసులో ఎప్పుడూ తక్కువే తూగింది.

స్వేచ్ఛ, భద్రత అనే మాటల్ని కూడా మనం ఇలాగే చూడాలని మా మనవి. ఈ దేశంలో ఆదివాసుల మీద, సంచార జాతుల మీద పెట్టిన ఆంక్షలన్నీ భద్రత పేరుతోనే వచ్చాయి. కొన్ని మనల్ని నలిపేశాయి. కొన్ని మనల్ని నిజంగానే కాపాడాయి. రెండింటికీ తేడా ఎక్కడుందో చరిత్రలో వెతికితే దొరుకుతుంది. నాయకుల ప్రసంగాల్లో ఎంత వెతికినా దొరకదు. అందుకే ఈ వ్యాసంలో కొన్ని తారీఖులు, కొన్ని ఊళ్ళు, కొన్ని చట్టాలు మీ ముందు పెడుతున్నాం.

హాజరు పట్టీ

1871 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం 'నేరస్థ తెగల చట్టం' తెచ్చింది. దాని వెనుక ఉన్న వాదన వినండి. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడు. అంటే నేరం మనిషి చేసే పని కాదు, పుట్టుకతో వచ్చే కులవృత్తి. ఇంత పెద్ద అబద్ధాన్ని చట్టంగా రాసి దేశం మీదకు వదిలారు.

మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అప్పటి మద్రాసు రాష్ట్రమంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా. ప్రభుత్వం ఒక జాతిని 'నేరస్థ తెగ' అని గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. ఆ జాతి వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కేవి. వేలిముద్రలు తీసుకునేవారు. రోజూ చెప్పిన వేళకు ఊరి మునసబు ముందో, పోలీసు ముందో నిలబడి హాజరు పలకాలి. కొన్నిచోట్ల రాత్రివేళ కూడా లేచి వెళ్ళి పలకాలి. పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాలన్నా, జబ్బుపడ్డ తల్లిని చూడాలన్నా చేతిలో పాసు ఉండాలి. పాసు లేకుండా దొరికితే అదే నేరం. దొంగతనం చేశాడా లేదా అన్న విచారణతో పని లేదు. 1897లో చేసిన సవరణ ఇంకా దారుణమైనది. నాలుగేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి వేరుచేసి ఉంచే అధికారం అది ప్రభుత్వానికి ఇచ్చింది.

ఈ చట్టంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చాలామంది గమనించరు. ఒక జాతిని నేరస్థ తెగగా ప్రకటించాక ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టంలోనే రాసుకున్నారు. అంటే కాళ్ళకు సంకెళ్ళు వేయడంతో ఆగలేదు, నోటికి కూడా తాళం వేశారు. 'నేను దొంగను కాను' అని చెప్పుకునే చోటే లేకుండా చేశారు. భావప్రకటనా స్వేచ్ఛ అంటే పత్రికల్లో రాసుకునే హక్కు అని మాత్రమే అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన విషయంలో దాని మొదటి అర్థం 'నేను తప్పు చేయలేదు' అని చెప్పుకోగలగడమే.

మన తెలుగు ప్రాంతంలో ఈ చట్టం బరువును ఎక్కువగా మోసినవాళ్ళు ఎరుకల వాళ్ళు. అంతకుముందు వాళ్ళలో చాలామంది వర్తకులు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని సముద్ర తీరం నుంచి లోపలి ఊళ్ళకు తీసుకెళ్ళి, ధాన్యం తీసుకుని తిరిగి వచ్చేవాళ్ళు. బండ్లు వెళ్ళలేని ఊళ్ళకు ఉప్పు అందించింది వాళ్ళే. తర్వాత రైళ్ళు వచ్చాయి. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది. 1876–78 నాటి పెద్ద కరువు వచ్చి మందల్ని, మనుషుల్ని ఊడ్చుకుపోయింది. వర్తకం పోయింది, తిరుగుడు మాత్రం మిగిలింది. అప్పటివరకూ వ్యాపారి అనిపించుకున్నవాణ్ణి ఆ తర్వాత దేశదిమ్మరి అన్నారు. దేశదిమ్మరి కాబట్టి అనుమానితుడన్నారు. ఆకలిని పుట్టించిన పాలకులే ఆకలిగొన్నవాణ్ణి పట్టుకుని నీ రక్తంలోనే దొంగతనం ఉందన్నారు. చివరికి వాళ్ళ సొంత మాటల మీద కూడా అనుమానమే. ఆ కాలపు పోలీసు అధికారులు రాసిన పుస్తకాల్లో ఎరుకల మాటల జాబితాల్ని దొంగల రహస్య భాషగా అచ్చువేశారు. అమ్మ ఒడిలో నేర్చుకున్న పలుకు కూడా పోలీసు రికార్డుల్లో సాక్ష్యమై కూర్చుంది.

1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. సీతానగరం, కావలి, సిద్ధాపురం వంటి చోట్ల కూడా ఇలాంటి సెటిల్మెంట్లు పెట్టారు. స్టూవర్టుపురం వాళ్ళతో పొలాల్లో పని చేయించారు. చీరాల పొగాకు కంపెనీకి అక్కడి నుంచి కూలీలు వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. సెటిల్మెంటు విడిచి వెళ్ళే స్వేచ్ఛ లేని మనిషి కూలి ఎంతని బేరమాడగలడు? భద్రత పేరుతో పెట్టిన కంచె ఎవరికి లాభం చేకూర్చిందో ఇక్కడ తెలుస్తుంది. ఆ సెటిల్మెంట్లలో కొందరికి భూమి దక్కింది, బడి దొరికింది, చదువుకుని పైకొచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ బడి ఇవ్వడానికి పిల్లవాడి మీద దొంగ అన్న ముద్ర వేయాల్సిన అవసరం ఏముంది? ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా సంగతి చూడడానికి తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. కమిటీ రద్దు చేయమంది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. అందుకే ఆ రోజును విముక్త జాతులు 'విముక్తి దినం'గా జరుపుకుంటాయి. లెక్క వేస్తే 81 ఏళ్ళు. దేశానికి ఆగస్టు 15 వచ్చిన తర్వాత కూడా కొన్ని ప్రాంతాల వాళ్ళు అయిదేళ్ళు హాజరు పలుకుతూనే ఉన్నారు.

చట్టం పోయింది కానీ అలవాటు పోలేదు. దాని స్థానంలో రాష్ట్రాలు 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టాలు తెచ్చుకున్నాయి. ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా ముందుగా పోలీసు బండి ఏ పేటకు వస్తుందో మనకు తెలుసు. స్టూవర్టుపురం పేరు వినగానే సినిమా గుర్తుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనల్ని, విముక్త జాతుల్ని అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే రాతల్ని కొట్టివేసింది. అంటే రద్దయిన 72 ఏళ్ళ తర్వాత కూడా ఆ చట్టం నీడ జైలు పుస్తకాల్లో బతికే ఉందన్నమాట.

రాజ్యాంగంలో మనకోసం ఒక మాట

ఇక రెండో రకం ఆంక్ష సంగతి. రాజ్యాంగంలోని 19వ అధికరణం పేరు అందరూ చెబుతారు. మాట్లాడే స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, దేశమంతా తిరిగే స్వేచ్ఛ, ఎక్కడైనా స్థిరపడే స్వేచ్ఛ అందులో ఉన్నాయి. ప్రతి స్వేచ్ఛ కిందా దానికి ఎప్పుడు ఆంక్షలు పెట్టవచ్చో కూడా రాశారు. బడుల్లో అంతవరకు చెబుతారు. అదే అధికరణం అయిదో క్లాజులో ఉన్న మాటను మాత్రం చాలామంది ఉపాధ్యాయులు కూడా దాటేస్తారు. తిరిగే స్వేచ్ఛకు, స్థిరపడే స్వేచ్ఛకు రెండు కారణాల మీద సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చని ఆ క్లాజు చెబుతుంది. ఒకటి ప్రజలందరి ప్రయోజనం. రెండోది షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ మాటను రెండుసార్లు చదవండి. 1871 నాటి చట్టం మన కాళ్ళకు బంధం వేసి ఇతరులకు భద్రత అంది. 1950 నాటి రాజ్యాంగం మన భద్రత కోసం ఇతరుల స్వేచ్ఛకు కూడా హద్దు గీయవచ్చంది. త్రాసు అదే, కానీ పట్టుకున్న చేయి మారింది. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లాంటి ఆదివాసీ ప్రతినిధి కూర్చుని, ప్రజాస్వామ్యం ఆదివాసులకు ఎవరూ నేర్పనక్కర్లేదు, మా దగ్గరే నేర్చుకోండని 1946 డిసెంబరులో నిలబడి చెప్పాడు. మనవాళ్ళకు మాట్లాడే చోటు దొరికినప్పుడు చట్టం ఎలా మారగలదో చూడడానికి ఆ సభ మంచి ఉదాహరణ.

మన ఏజెన్సీలో అందరికీ తెలిసిన 1/70 ఈ దారిలోనే వచ్చింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదని గట్టిగా చెప్పారు. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి కూడా, వేరుగా రుజువు చేసేదాకా, గిరిజనుల నుంచి వచ్చిందిగానే భావించాలన్నారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదంది.

1/70 మన స్వేచ్ఛకు కూడా ఒక హద్దే. మన భూమిని మనకు నచ్చినవాడికి ఎక్కువ ధరకు అమ్ముకోలేం. 'నా భూమి నా ఇష్టం కాదా?' అని అడిగే చదువుకున్న యువకులు మనలో ఉన్నారు. అడగనివ్వాలి, అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చరిత్రలో ఉంది. అప్పు పత్రం మీద వేలిముద్ర వేసి, తెల్లారేసరికి సొంత చేనులో పాలేరుగా మారిన తాతలది కూడా చట్టం ప్రకారం 'ఇష్టమే'. ఆకలి, అప్పు మెడ మీద కత్తిలా ఉన్నప్పుడు ఇష్టం అన్న మాటకు అర్థం లేదు. పైగా ఈ నిబంధన మన నోరు మూయదు. మార్చమని మనం ధర్నా చేయవచ్చు, ఉంచమని పాదయాత్ర చేయవచ్చు, కోర్టుకు వెళ్ళవచ్చు. హాజరు పట్టీకీ దీనికీ ఉన్న తేడా అదే.

ఇంద్రవెల్లి

రాజ్యాంగంలో రాసి ఉన్నంత మాత్రాన సరిపోదని ఇంద్రవెల్లి మనకు నేర్పింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు జోడేఘాట్‌కు వెళ్ళాలి. అడవి మీద, నీటి మీద, నేల మీద హక్కు కోసం నిలబడిన కుమ్రం భీంను 1940లో నిజాం పోలీసులు అక్కడ చంపారు. చంపిన తర్వాత, వీళ్ళు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని ప్రభుత్వానికి అనిపించింది. హైమన్‌డార్ఫ్ వచ్చి గోండుల మధ్య మార్లవాయిలో ఉండి, వాళ్ళు చెప్పింది విని రాశాడు. పట్టాలు ఇవ్వడం, గోండి మాట్లాడే పిల్లలకు బడులు పెట్టడం ఆ తర్వాత మొదలయ్యాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు కూడా ఆ కాలంలోనే మొదలైంది. అధికారులు వచ్చి కూర్చుంటారు, జనం ముఖాముఖి తమ బాధలు చెబుతారు. పోలీసు తుపాకి తేలేని శాంతిని వినే చెవి తెస్తుందని ఆనాటి పాలకులు నేర్చుకున్న పాఠం అది. కానీ ఆ పాఠానికి మనవాళ్ళ రక్తం ఖర్చయింది.

నలభై ఏళ్ళు తిరిగేసరికి ఆ పాఠం మరిచిపోయారు. ఆదిలాబాదు జిల్లాకు బయటి నుంచి వచ్చినవాళ్ళు పెరిగారు. పత్తి పండే నల్లరేగడి చేలు చేతులు మారాయి. పోడు కొట్టుకుంటే అటవీశాఖ కేసులు, సంతలో షావుకార్ల తూకాలు, అప్పులు, వడ్డీలు. వీటి మీద మాట్లాడడానికి గిరిజన రైతు కూలీ సంఘం 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభ పెట్టింది. అది సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. సభకు ఇచ్చిన అనుమతిని చివరి గడియలో వెనక్కి తీసుకుని, 144వ సెక్షన్ పెట్టారు. కొండల మీది గూడేలకు ఆ కబురు ఎవరు చేరవేస్తారు? సభ కోసం వచ్చినవాళ్ళున్నారు, ఉప్పు, మిరపకాయల కోసం సంతకు వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందరినీ ఒక్కటిగా 'చట్టవిరుద్ధ గుంపు' అన్నారు. కాల్పులు జరిగాయి. ప్రభుత్వం చనిపోయినవాళ్ళు 13 మంది అంది. పౌరహక్కుల సంఘాలు, స్థానికులు అంతకు ఎన్నో రెట్లు అన్నారు. ఆ సంఖ్య మీద ఈనాటికీ ఒప్పుదల లేదు.

ఆ సభ జరిగి ఉంటే ఏమయ్యేది? ఎవరో కొందరు మైకులో ఘాటుగా మాట్లాడేవాళ్ళు. తుడుం మోగేది. జనం విని, సంత చేసుకుని, పొద్దువాలేసరికి గూడేలకు వెళ్ళిపోయేవాళ్ళు. ఆ సంఘం వెనుక సాయుధ పోరాటాన్ని నమ్మే పార్టీ ఉందని, అందుకే ఆపాల్సి వచ్చిందని ప్రభుత్వం వైపు వాదించేవాళ్ళు ఉన్నారు. ఆ పార్టీతో సంబంధం ఉన్న మాట నిజమే. అయినా సంతకొచ్చిన మనిషి కడుపులోని ఆకలి, పోయిన చేను తాలూకు దుఃఖం ఏ పార్టీవీ కావు. వాటిని చెప్పుకునే సభను ఆపేస్తే ఆ దుఃఖం ఎక్కడికీ పోదు, అడవిలోకి పోతుంది. తర్వాతి ముప్పై ఏళ్ళ ఆదిలాబాదు చరిత్ర చూసినవాళ్ళకు ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు. భద్రత కోసం మూసిన నోరు భద్రతను పెంచలేదు, తగ్గించింది.

తర్వాత అక్కడ అమరుల స్థూపం కట్టారు. దాన్ని కూల్చారు. మళ్ళీ కట్టారు. ఏటా ఏప్రిల్ 20 వస్తే చాలు, దశాబ్దాల పాటు ఆ చుట్టుపక్కల మళ్ళీ అదే 144వ సెక్షన్. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు పూలదండ వేయాలన్నా పోలీసు పహరాలోనే. మాట్లాడినందుకు ఒకసారి, ఏడ్చినందుకు ఏటేటా ఆంక్ష. ఇటీవలి సంవత్సరాల్లో అది సడలింది. స్థూపం దగ్గర జనం గుమిగూడి నివాళులు అర్పిస్తున్నారు. దాని వల్ల ఎవరి భద్రతకూ ఏ ముప్పూ రాలేదు. అన్నేళ్ళూ ఆ ఆంక్ష ఎందుకు పెట్టినట్టు?

144వ సెక్షన్ గురించి మన యువత తెలుసుకోవలసింది కొంత ఉంది. 2024 జులై నుంచి కొత్త చట్టంలో దాని నంబరు 163. ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు చెప్పాలి. మామూలుగా రెండు నెలలకు మించి అమలులో ఉండదు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగించినా మరో ఆరు నెలలే. న్యాయమైన అభిప్రాయాన్ని, నిరసనను అణచడానికి దాన్ని వాడకూడదని, మళ్ళీ మళ్ళీ అదే ఉత్తర్వు ఇవ్వడం అధికార దుర్వినియోగమని, ఉత్తర్వుల్ని ప్రజలకు తెలిసేలా ప్రచురించాలని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కశ్మీరు గురించి వచ్చిన ఆ తీర్పు మన గూడేనికీ వర్తిస్తుంది. '144 ఉంది, పొండి' అని ఎవరన్నా అంటే 'ఉత్తర్వు చూపించండి సార్' అని మర్యాదగా అడగడం మన హక్కు. ఇంద్రవెల్లికి వచ్చినవాళ్ళకు అలా అడిగే సమయం దొరకలేదు.

చేతిలో ఉన్న ఫోను

ఇంతవరకు చదివి, అయితే ఏ మాటకూ ఏ హద్దూ ఉండకూడదని మేము అంటున్నామనుకోవద్దు. మాట కూడా మనుషుల్ని చంపుతుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు దేశమంతా పాకాయి. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో వారపు సంతకు వచ్చిన అయిదుగురిని జనం కొట్టి చంపారు. వాళ్ళు భిక్షాటనతో బతికే సంచార గోసావి జాతి మనుషులు. ఎవరి పిల్లనూ ఎత్తుకుపోలేదు. రైన్‌పాడా కూడా ఆదివాసులు ఎక్కువగా ఉన్న ప్రాంతమే. ఇది మనం తల వంచుకుని చదవాల్సిన సంగతి. తిరిగేవాడు దొంగ అన్న 1871 నాటి అబద్ధమే 2018లో ఫోనులోకి ఎక్కింది. ఆనాడు దాన్ని రాసింది దొర, ఈనాడు ఫార్వర్డు చేసింది మామూలు మనుషులు.

కాబట్టి పుకారును ఆపడం, కులం పేరుతో తిట్టేవాణ్ణి శిక్షించడం మాట్లాడే స్వేచ్ఛకు దెబ్బ కాదు. నలుగురి ముందు కులం పేరు పెట్టి అవమానించడాన్ని 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా చూస్తుంది. అదీ మాట మీద ఆంక్షే. అది ఉండబట్టే మన పిల్ల హాస్టల్లో, కాలేజీలో తల ఎత్తుకుని మాట్లాడగలుగుతోంది. ఒకరి నోటికి పెట్టిన హద్దు ఇంకొకరి నోటికి ధైర్యం ఇస్తుందంటే ఇదే.

అలాగని 'ఇబ్బందికరమైన' పోస్టు పెట్టాడని ప్రతివాణ్ణీ స్టేషనుకు పిలిపించే అధికారం ఉండకూడదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ అలాంటిదే. దేన్ని ఇబ్బంది అంటారో స్పష్టత లేని ఆ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఒక మనిషిని చంపమని పంపే పుకారు వేరు. మా ఊరికి రోడ్డు లేదు, డోలీలో మోస్తుంటే గర్భిణి దారిలోనే ప్రసవించిందని పెట్టే వీడియో వేరు. మొదటిది ప్రాణం తీస్తుంది, రెండోది అధికారిని ఇబ్బంది పెడుతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేవాడి చేతిలో త్రాసు పెట్టకూడదు.

మన ఇంటి త్రాసు

బయటివాళ్ళను ఇన్ని ప్రశ్నలు అడిగినప్పుడు ఒకటి మనల్ని మనం అడుక్కోవాలి. మన గూడెంలో, మన తండాలో త్రాసు ఎవరి చేతిలో ఉంది? పెద్దల పంచాయితీలో ఆడవాళ్ళు కూర్చుంటున్నారా, గోడ వెనుక నిలబడి వింటున్నారా? కొడుక్కు ఫోను కొనిచ్చి, కూతురికి మాత్రం 'నీ మంచికే' అని వద్దంటున్నామా? పెళ్ళి విషయంలో అమ్మాయి మాట అడుగుతున్నామా? 'నీ భద్రత కోసమే' అన్న మాట పోలీసు నోట వింటే మనకు కోపం వస్తుంది. అదే మాట మన నోటి నుంచి వచ్చినప్పుడు మన ఆడపిల్లకు కూడా కోపం రావచ్చు. మన ఆచారాల్లో అందరి మాటా విని ఒప్పుదలకు వచ్చే గొప్ప పద్ధతి ఉంది. జైపాల్ సింగ్ గర్వంగా చెప్పింది దాని గురించే. ఆ 'అందరి'లో సగం మందిని వదిలేస్తే ఆ గర్వానికి మనం తగం.

అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఈ చరిత్రంతా చదివాక మాకు మిగిలినవి నాలుగు ప్రశ్నలు. ఎక్కడ ఏ ఆంక్ష కనిపించినా, అది ప్రభుత్వం పెట్టినా, కాలేజీ పెట్టినా, కులపెద్దలు పెట్టినా, వీటిని అడగండి.

ఇది ఎవరి భద్రత కోసం? స్వేచ్ఛ పోయేది ఒకరిది, భద్రత దక్కేది ఇంకొకరికి అయితే అనుమానించండి.

మనిషి చేసిన పనిని చూసి పెట్టారా, పుట్టుకను చూసి పెట్టారా? పుట్టుకను చూసి వేలెత్తి చూపేది హాజరు పట్టీకి మనవడే.

ఎన్నాళ్ళు? గడువు లేని ఆంక్ష భద్రత కోసం పెట్టింది కాదు, అలవాటు కోసం పెట్టింది.

దీన్ని ప్రశ్నించే చోటు ఉందా? కోర్టు, గ్రామసభ, పత్రిక, దర్బారు, ఏదో ఒకటి తెరిచి ఉండాలి. 1871 చట్టం మూసింది ఆ తలుపునే. 1/70 తెరిచి ఉంచింది కూడా ఆ తలుపునే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈసారి మీ బడిలో స్వేచ్ఛ, భద్రత మీద వ్యాసం రాయించేటప్పుడు పిల్లల్ని ముందు ఇంటికి పంపండి. అవ్వను, తాతను అడిగి రమ్మనండి: 'నువ్వు ఎప్పుడు, ఎక్కడ మాట్లాడాలనుకుని మాట్లాడలేకపోయావు?' ఒకరు అటవీ ఆఫీసు పేరు చెబుతారు. ఒకరు షావుకారి అరుగు చెబుతారు. ఒక అవ్వ తన సొంత ఇంటి వసారా చూపిస్తుంది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, గోండి అయితే గోండిలో, కోయ అయితే కోయలో, ఎరుకల అయితే ఎరుకలలో తెలుగు లిపిలోనే రాయించండి. ఒకప్పుడు పోలీసు పుస్తకంలో దొంగ భాషగా ఎక్కిన మాటలు మన పిల్లల నోటుపుస్తకాల్లోకి చరిత్రగా ఎక్కాలి. సంతలో మన సరుకు తూచేటప్పుడు ముల్లు వైపు కన్నార్పకుండా చూడడం మన పెద్దలు మనకు నేర్పారు. ఆ చూపును పిల్లలకు అందించే పని ఇప్పుడు మనది.